పిలుపు మొక్క

మొన్న వేసవిలో మా మనవరాలు విజయవాడ నుంచి వచ్చినప్పుడు, ఒక సాయంత్రం మా గుడివాడ బజారులో కొత్తగా పెట్టిన కొట్టు నుంచి పిజ్జా తెప్పించుకుంది. దాన్ని కొరికితే నా కట్టుడు పళ్ళు ఊడి చేతికొస్తాయని నాకు భయం, అయినా పిల్ల ముచ్చటపడి తింటుంటే చూడాలని పక్కనే కూర్చున్నాను. అట్టపెట్టెలో చిన్న చిన్న పొట్లాలేవో ఉన్నాయి. అందులో ఒకటి చించి ఎండుటాకు పొడి చల్లిందో లేదో, నా ఎదురుగా ఉన్న టీవీ, నెత్తిన తిరుగుతున్న ఫ్యాను అన్నీ మాయమైపోయాయి. బందరులో మా పెరడు, బావి వార, నడుము వంచి బియ్యం కడిగిన నీళ్ళు మొక్కల మొదట్లో పోస్తున్న మా అమ్మ కనిపించారు. ఆ పొట్లం మనవరాలి చేతిలోంచి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది మరువమే కదే, మరువాన్ని తిండి మీద చల్లుకుంటారటే అన్నాను. అది నవ్వి, ఫోనులో వెతికి, ఇది వేరేనట అమ్మమ్మా, కానీ మరువానికి దగ్గరి చుట్టమేనట అని చెప్పింది. ఆ తరవాత తాపీగా, అసలు మరువం అంటే ఏమిటి అని అడిగింది.

మల్లెపూల దండలో మధ్యమధ్య పచ్చగా కడతారే, అది, మా అమ్మ పెరట్లో ఉండేది అని ఊరుకున్నాను. అంతకు మించి చెప్పాలంటే మా నాయనమ్మ గురించి చెప్పాలి, బాబాయి గురించి చెప్పాలి, మా ఇంటి దడి గురించి చెప్పాలి. ఇరవై ఏళ్ళ పిల్లకు దడి అంటే ఏమిటో వివరించేసరికే దాని పిజ్జా చల్లారిపోతుంది. అందుకని మీకు చెబుతున్నాను, మీకైతే అంత మొదటినుంచీ చెప్పక్కర్లేదు.

పంతొమ్మిది వందల అరవైకి కాస్త అటూ ఇటూగా జరిగిన సంగతి ఇది. నాన్న బందరులో ఒక బళ్ళో లెక్కల మాస్టారు. మాది అద్దె పెంకుటిల్లు, ముందు అరుగు, వెనకాల పొడుగ్గా సాగిన పెరడు. బందరు నేల సంగతి ఆ వైపు వాళ్ళకు తెలిసిందే. నాలుగు రోజులు ఎండ కాస్తే నేల మీద తెల్లగా ఉప్పు పేరుకునేది, బావి నీళ్ళు గిన్నెలు తోముకోవడానికే గాని నోట పోసుకోవడానికి పనికొచ్చేవి కావు, తాగే నీళ్ళు కావిళ్ళ మీద రావలసిందే. ఆ చవిటి నేలలో మా అమ్మ ఆకుల మళ్ళు పెంచారంటే మీరు నమ్మాలి. వేసవిలో కాలవ కట్టేసి నీళ్ళు అడుగంటినప్పుడు, అడుగున నల్లగా మెత్తగా ఉండే ఒండ్రుమట్టిని తట్టలతో మోయించుకొచ్చి, పెరట్లో మోకాలెత్తు దిబ్బగా పోయించి, దాని మీద కొత్తిమీర, పుదీన, దగ్గుకు తులసి, కడుపునొప్పికి వాము ఆకు వేశారు. వాడకట్టులో ఏ పిల్లకు జలుబు చేసినా తల్లి గిన్నె పట్టుకుని మా ఇంటికే వచ్చేది, డాక్టరు దగ్గరికి తరవాత వెళ్ళేది. ఆ దిబ్బకు చివర, బావి గట్టుకు దగ్గరగా, మిగతావాటితో కలవకుండా ఉండేది మరువం.

ఆ మరువం మా అమ్మమ్మ పెరటిది. అమ్మ పుట్టిల్లు దివిసీమలో, కోడూరు దగ్గర పల్లె. అమ్మమ్మ పోయిన ఏడే మావయ్యలు ఇల్లూ దొడ్డీ అమ్మేసుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆఖరిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు, నీకేం కావాలో తీసుకోవమ్మా అని పెద్ద మావయ్య అంటే, పెద్దమ్మ ఇత్తడి బిందె తీసుకుంది, అమ్మ పెరట్లోకి వెళ్ళి వేళ్ళతో సహా ఒక మరువం దుబ్బు పెళ్ళగించుకొచ్చారు. తడిగుడ్డలో చుట్టి, కోడూరు నుంచి బందరు దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కిటికీ పక్క సీటు నాకిచ్చి, దారిపొడుగునా ఆ గుడ్డ ఆరకుండా చూసుకున్నారు. ఆ దుబ్బుకు బావినీళ్ళు పడవని, రోజూ బియ్యం కడిగిన నీళ్ళు దానికే దాచేవారు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు ఒక రెమ్మ జడలో, ఒక రెమ్మ పాటల పుస్తకంలో పెట్టుకునేవారు. అమ్మ ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు, కానీ ఒక్కోసారి పని మధ్యలో లేచి వెళ్ళి ఆ మడి దగ్గర కూర్చుని, ఆకు నలిపి వాసన చూసుకుని, మళ్ళీ వచ్చి పనిలో పడేవారు. అప్పుడు ఆవిడకు వాళ్ళమ్మ గుర్తొచ్చిందని నాన్నకూ నాకూ తెలిసేది.

ఇక మా నాయనమ్మ. నాన్నగారి అమ్మ, ఘంటసాల వైపు ఊరు. మాట గట్టిది, మనసు మెత్తన, ప్రార్థనకు మోకరించిందంటే అన్నం చల్లారిపోవలసిందే. బాబాయికి చిన్నప్పుడు విషజ్వరం తగిలి ఆశ వదులుకున్నప్పుడు, వీణ్ణి బతికిస్తే నీ సేవకే ఇచ్చేస్తాను ప్రభువా అని మాటిచ్చిందట. బాబాయి బతికాడు, పెరిగాడు, స్కూలు ఫైనలు ప్యాసై మా ఇంట్లో ఉంటున్నాడు. నాయనమ్మ వాణ్ణి పాస్టరు చదువుకు పంపాలంటుంది. బాబాయి అవుననడు, కాదనడు. సాయంత్రం కాగానే సైకిలెక్కి స్టేషనుకు వెళ్ళి, గుడివాడ నుంచి వచ్చే బండి ఎంత ఆలస్యమో కనుక్కుని వస్తాడు, ఆ బండిలో మా చుట్టాలెవరూ రాకపోయినా సరే.

ఆ వేసవి చివర తుపాను గాలి కొట్టింది. ప్రాణనష్టం జరగలేదు గాని మా పెరటి తాటాకు దడి మొత్తం లేచిపోయి ఎవరి ఇంటి మీద పడిందో కూడా తెలియలేదు. మర్నాటినుంచే వీధిలో మేకలు మా కొత్తిమీర రుచి మరిగాయి. అమ్మ కర్ర పట్టుకుని తోలలేక సతమతమవుతుంటే బాబాయి జాలిపడి, కాలవ గట్టు మీద చేతికి దొరికిన కర్రలు కొట్టుకొచ్చి, వరసగా పాతి, వాటికి తాటాకులు కట్టి దడి నిలబెట్టాడు. మేకలు ఆ కర్రల్ని వాసన చూసి మొహం తిప్పుకుని వెళ్ళిపోయాయి. ఎంత పనిమంతుడివయ్యా అని అమ్మ ఆ రోజు బాబాయికి గారెలు వండి పెట్టారు.

వానలు మొదలయ్యాయి. ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వెళ్ళిన నాయనమ్మ వేపపుల్ల నోట్లో ఉండగానే బాబాయిని కేకేసింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇవి నువ్వు పాతిన కర్రలేనా?"

"నేనేనమ్మా. గట్టు మీద కొట్టుకొచ్చాను."

"ఎండు కర్రలేగా?"

"ఎండినట్టే ఉన్నాయి మరి."

కర్ర కర్రకూ ఆకుపచ్చగా చిగుళ్ళు వచ్చాయి. చవిటి నేలలో, నీళ్ళు పోసిన దిక్కులేని చోట, తమలపాకును కాస్త సాగదీసినట్టుండే లేత ఆకులు. నాయనమ్మ అక్కడే బురదలో మోకరించింది. పూర్వం యాజకుడెవరో తేల్చడానికి పెద్దలందరి కర్రలూ ఒకచోట పెడితే, దేవుడు ఎన్నుకున్నవాడి కర్ర ఒక్కటే తెల్లారేసరికి చిగురించిన కథ ఆదివారం బడికి వెళ్ళిన ప్రతి పిల్లకూ వచ్చు, మా నాయనమ్మకు మరీ బాగా వచ్చు. తన కొడుకు పాతిన కర్ర చిగురించింది. ఇంకేం కావాలి? దేవుడు వీణ్ణి పిలిచాడు అంది. ఆ రోజునుంచి ఆ మొక్కకు మా ఇంట్లో పిలుపు మొక్క అని పేరు పడింది. దాన్ని కొందరు తూటికాడ అంటారనీ, కొందరు లొట్టపీసు అంటారనీ, దాని కాడ ఏ ముక్క ఎక్కడ పడేసినా బతుకుతుందనీ నాకు చాలా కాలానికి తెలిసింది. ఇప్పటికీ నా నోటికి ఆ పేర్లు రావు.

వారం తిరక్కుండా మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళందరూ వచ్చి, పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక, ఆ చిగుళ్ళను దగ్గరగా చూడాలని పెరట్లోకి తోసుకొచ్చి, అమ్మ కొత్తిమీర మడిలో నిలబడి రెండు కీర్తనలు పాడారు. అమ్మ అందరికీ టీలు ఇస్తూ, ఎవరి కాలి కింద ఏది నలుగుతోందో చూసుకుంటూ, మరువం వైపు మాత్రం ఎవరూ వెళ్ళకుండా అడ్డంగా నిలబడ్డారు. బాబాయిని మధ్యలో కూర్చోబెట్టి తలమీద చేతులుంచి దీవించారు. వాడి మొహం చూస్తే అప్పుడే విషజ్వరం తిరగబెట్టినట్టుంది.

ఆ తరవాత ఆ మొక్క పెరిగిన తీరు చెబితే అతిశయోక్తి అనుకుంటారు. శ్రావణం వెళ్ళేసరికి దడి నిలువెత్తయింది, ఊదారంగు పూలు బాకాల్లా విచ్చుకున్నాయి, కొమ్మలు లోపలికి వాలి, నేల తగిలిన చోటల్లా వేళ్ళు తన్ని, మళ్ళీ లేచాయి. పుదీన పోయింది, తులసి పోయింది, వాము ఆకు ఎటో దాక్కుంది. ఒక సాయంత్రం అమ్మ కొడవలి తీసుకుని, మరువం మీదికి వంగిన కొమ్మ ఒక్కటంటే ఒక్కటి కోసి బావి వెనక పారేశారు. పది రోజుల్లో బావి వెనక కూడా పిలుపు మొక్క లేచింది.

నాయనమ్మ చూసి మురిసిపోయింది. "చూశావా అమ్మాయ్, కొట్టి పారేసినా ఆగలేదు. పిలుపంటే ఇలాగే ఉంటుంది."

అమ్మ మరువం కొమ్మలు తుంచి కుండలో నాటి అరుగు మీద పెట్టి చూశారు, ముసురు పట్టి అవి కుళ్ళిపోయాయి. నీడలో ఉన్న అసలు దుబ్బు రోజురోజుకూ సన్నబడి, పాలిపోయి, వెలుతురు కోసం మెడ చాచేది. నాన్న వాళ్ళమ్మ మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. అయితే బాబాయి ఒకనాడు వంటింటి గుమ్మంలో కూర్చుని, మీరే ఎలాగైనా వాటిని పీకించెయ్యండి వదినా అని బతిమాలడం నేను విన్నాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండానే జవాబు చెప్పారు.

"నేను పీకితే నా మొక్క కోసం పీకానంటారయ్యా. నీ మాట నువ్వు చెప్పుకో. అందాకా నేను ఆగుతాను."

మరువం అందాకా ఆగదని ఆవిడకు తెలుసు. పోతే మళ్ళీ తెచ్చుకునే చోటు ఈ భూమ్మీద లేదనీ తెలుసు. తెలిసి అలా అన్నారని నాకు అర్థం కావడానికి నేనూ ఒక ఇంటికి కోడలిగా వెళ్ళవలసి వచ్చింది.

వానలు వెనకబట్టాక, బాబాయిని గుడివాడలో ఒక పెద్ద పాస్టరు గారికి చూపించి చదువు సంగతి తేల్చుకుందామని నాయనమ్మ బయలుదేరింది. రైలంటే సరదా కాబట్టి నేనూ వెంటపడ్డాను. పెడన దాటేదాకా బాగానే ఉంది, నాయనమ్మ జంతికలు తీసి పెట్టింది. ఆ తరవాత రైలు పట్టాలకు దగ్గరగా కాలవ వచ్చింది. గట్టు మీద ఊదారంగు పూలు కనబడగానే నాయనమ్మ సంబరపడి, అదిగో మన మొక్క, దేవుడు దారిలో కూడా గుర్తు పెట్టాడు అని నన్ను లేపి చూపించింది. కాసేపటికి ఇంకొక గుబురు వచ్చింది. మురుగు కాలవ దగ్గర ఇంకా పెద్దది వచ్చింది. కవుతరం వచ్చేసరికి గట్టు పొడుగునా, చేలగట్ల మీద, పశువుల పాకల చుట్టూ, వంతెన కింద, ఎక్కడ చూసినా అదే. వానాకాలం అంతా తాగి, ఒళ్ళంతా పూసి, రైలు గాలికి తలలూపుతూ నిలబడ్డాయి. నాయనమ్మ జంతికల డబ్బా మూత పెట్టేసింది. గుడ్లవల్లేరులో బండి ఆగి మళ్ళీ కదిలినా ఆవిడ కిటికీలోంచి తల తిప్పలేదు. చివరికి బాబాయి వైపు తిరిగింది.

"ఏరా, ఇన్ని కర్రలు చిగురించాయి. కృష్ణా జిల్లాకి ఇంతమంది పాస్టర్లు కావాలంటావా?"

రైలు పెట్టెలో ఉన్న వాళ్ళెవరికీ ఏమీ అర్థం కాలేదు. బాబాయి మాత్రం నవ్వబోయి, నవ్వు రాక, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు రైల్వేలో చేరాలనుందమ్మా అన్నాడు. ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావురా అని ఆవిడ కసిరితే, నువ్వు దేవుడికి మాటిచ్చావు కదా అని తల వంచుకున్నాడు.

గుడివాడలో దిగాం. నాయనమ్మ స్టేషను దాటి బయటికి రాలేదు. ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చుని, భీమవరం వైపు వెళ్ళే బండికి ఇంజను తగిలిస్తుంటే బాబాయి చిన్నపిల్లవాడిలా చూస్తూ నిలబడడం చాలాసేపు గమనించింది. ఆ తరవాత వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "మాటిచ్చింది నేను. తీర్చుకునేదేదో నేనే తీర్చుకుంటాను. ఇంటికి వెళ్దాం పద" అంది. ఆ ముక్క మీదే నిలబడి, చనిపోయేదాకా ప్రతి శనివారం చర్చి తనే ఊడ్చి తుడిచింది, ఎవరు వద్దన్నా వినలేదు. బాబాయి రైల్వేలో చేరి, చాలా ఏళ్ళకు గార్డయ్యాడు. మా వాడు పచ్చజెండా ఊపి పిలిస్తేనే అంత పెద్ద రైలూ కదులుతుంది తెలుసా అని నాయనమ్మ వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది.

మళ్ళీ పెరట్లోకి వస్తాను. గుడివాడ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే నాయనమ్మ కొంగు దోపుకుని గునపం అడిగింది. బాబాయీ తనూ కలిసి ఆ దడి పీకడం మొదలుపెట్టారు. ఒక్కో మొదలూ పెకలిస్తే దానికింద మరో నాలుగు వేళ్ళు. పాలు కారి చేతులు జిగటలయ్యాయి. ముక్క మిగిలితే మళ్ళీ లేస్తుందని అన్నీ ఏరి వీధి చివర కుప్పపోసి ఎండబెట్టి తగలబెట్టారు. దిబ్బ మీద మళ్ళీ ఎండ పడింది. బావి వార ఎండిన నాలుగు పుల్లలు తప్ప ఏమీ లేవు.

"ఇక్కడ నీదేదో ఉండాలి కదా అమ్మాయ్?" అని నాయనమ్మ అడిగింది.

"ఏదో మరువం లెండి అత్తయ్యా" అన్నారు అమ్మ.

అప్పుడు నాన్న ఉండబట్టలేక, అది కోడూరు మరువం అమ్మా, వాళ్ళమ్మగారిది అన్నారు. నాయనమ్మ చేతిలో గునపం అలాగే వదిలేసి ఆ పుల్లల పక్కన కూలబడింది. ఆవిడ పెద్దగా ఏడవడం నేను చూసింది అదొక్కసారే. అమ్మ వెళ్ళి ఆవిడ చేతులకంటిన పాలు కొబ్బరినూనె రాసి తుడిచారు.

ఆ తరవాత నాయనమ్మకు మరువం పిచ్చి పట్టింది. బందరు పూలకొట్లలో అడిగింది, పెడనలో చుట్టాల ఇంటికి వెళ్ళి అడిగింది. ఒకసారి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి కోడూరు వెళ్ళి, ఆ పాత దొడ్డి వెతుక్కుంటూ వెళ్ళింది. అక్కడ కొన్నవాళ్ళు గడ్డివాము వేసుకున్నారట. పక్కింటివాళ్ళనడిగి, వాళ్ళ దొడ్లోది ఒక దుబ్బు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. తెచ్చిన ప్రతిసారీ అమ్మ ఆకు నలిపి, కళ్ళు మూసుకుని వాసన చూసి, ఇదే అత్తయ్యా అనేవారు. నాయనమ్మ మొహం వెలిగిపోయేది. అన్నీ బతికాయి, బియ్యం కడిగిన నీళ్ళు తాగి గుబురుగా పెరిగాయి, మా పెరడంతా మరువం అయింది. కానీ అమ్మ పాటల పుస్తకంలో ఉన్న పాత రెమ్మ తీసి కొత్తది పెట్టుకోలేదు. అది ఎండి, పొడై, ఆఖరికి పుట మీద పచ్చటి మరకగా మిగిలింది. ఆ సంగతి నాయనమ్మకు తెలియనివ్వలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, పెరడు లేదు, దాని మీద మూడంతస్తులు లేచాయి. ఈ మధ్య బందరు వెళ్ళినప్పుడు చూశాను, వాడకట్టులో మట్టి అనేదే కనబడలేదు, గుమ్మం నుంచి గుమ్మం దాకా సిమెంటే. కాలవలో గుర్రపుడెక్క నీళ్ళు కనబడకుండా పరుచుకుంది. గట్టు మీద పిలుపు మొక్క మాత్రం అలాగే ఉంది, అవే పూలు, అదే పొగరు. బస్సులో నా పక్కనున్న అమ్మాయి దాన్ని చూడను కూడా చూడలేదు. నాకు మాత్రం దిగి, ఒక కొమ్మ పట్టుకుని, మా వాళ్ళందరూ ఎక్కడే అని అడగాలనిపించింది. అమ్మ లేరు, నాయనమ్మ లేదు, బాబాయి కూడా నిరుడు పోయాడు. ఆ మొక్కను ఆ పేరుతో పిలిచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

పిజ్జా తిన్న పిల్ల నా మాట మరిచిపోయిందనుకున్నాను. పోయిన ఆదివారం విజయవాడ నుంచి వస్తూ, ప్లాస్టిక్ కుండీలో ఒక మరువం మొక్క తెచ్చింది. ఏ నర్సరీలోనూ దొరక్కపోతే ఎవరెవరినో అడిగి, ఫోనులో వెతికి, ఎక్కడినుంచో తెప్పించిందట. బస్సులో ఒరిగిపోతుందని దారంతా ఒళ్ళో పెట్టుకునే కూర్చుందట. కుండీ నా చేతికిచ్చి, ఇదేనా అమ్మమ్మా, మీ అమ్మగారిది ఇదేనా అని నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

ఒక ఆకు తుంచి, నలిపి, కళ్ళు మూసుకుని వాసన చూశాను. అది కాదు.

"ఇదేనమ్మా" అన్నాను.